బొట్టు పిలుపులకు అద్దె విమానం

పైలట్ కావాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు హిందూపురంలో మా ఇంటికి వస్తుంటారు. కూర్చోగానే అందరూ అడిగేది ఒకటే: "సార్, మీరు మొత్తం ఎన్ని గంటలు ఎగిరినారు?" నాకు ఒళ్లు మండుతుంది. గంటలదేముంది, ఇంధనం పోసుకుంటూ పోతే ఎవరికైనా పెరుగుతాయి. ఎవరిని ఎక్కించుకున్నావు, ఎందుకు పోయారు, దిగేటప్పుడు వాళ్ల మొహాలు ఎలా ఉన్నాయి? ఆ మాట ఒక్కరూ అడగరు. అడగకపోయినా చెబుతాను కాబట్టి, కాఫీ తాగి వెళ్దామని వచ్చినవాళ్లు భోజనం దాకా ఇరుక్కుపోతారు. ఈ రాసేది కూడా అలాంటిదే అనుకోండి.

మాది పెద్ద విమానం కాదు

పైలట్ అంటే జనానికి కళ్ల ముందు కనబడేది టోపీ, టై, వెనకాల వందల మంది ప్రయాణికులు. నాది ఆ సంసారం కాదు. నాలుగు సీట్లు, ముందర ఒక పంకా, నెత్తిమీద రెక్కలు. కిటికీ తెరిస్తే వేడిగాలి, మూస్తే ఉక్క. బెంగుళూరులో ఒక చిన్న కంపెనీ అలాంటి విమానాలు అద్దెకిచ్చేది. వాటిని నడిపిన నలుగురైదుగురిలో నేనొకణ్ని. పెద్ద కంపెనీల్లోకి పోయిన స్నేహితులు నా మీద జాలిపడ్డారు. నాకు మాత్రం ఏనాడూ ఆ దిగులు లేదు. వాళ్ల ప్రయాణికుల పేర్లు వాళ్లకు తెలియవు. నా ప్రయాణికులు నాకు ఓళిగలు, అదే బొబ్బట్లు, తినిపించారు.

నేను పుట్టింది గోరంట్ల దగ్గర. మా నాయన వేరుశనగ రైతు. బతికినన్నాళ్లూ ఆకాశం వైపు చూసి తిట్టుకున్న మనిషి. కొడుకు అక్కడికే పోయి ఉద్యోగం చేస్తానంటే ఆయనకు నవ్వాగలేదు. "పోతాండావు గదా, ఆ మోడాల్ని రెండు మన పక్కకి తోలురా" అన్నాడు. మబ్బులు తోలలేకపోయాను గానీ, కరువు నేలను పైనుంచి చూస్తూ చాలా ఏళ్లు తిరిగాను. ఎండిపోయిన చెరువులు పైనుంచి చూస్తే అరిచేతుల్లా ఉంటాయి. అలవాటైన నేల కాబట్టి నాకది ఎప్పుడూ అందంగానే కనబడింది.

మొదట్లో నాకు బుద్ధి చెప్పింది గాలి. ఎన్నికలప్పుడు ఒక అభ్యర్థి విడపనకల్లు మీద కరపత్రాలు చల్లమన్నాడు. ఊరు కనబడగానే కట్టలు విప్పించాను. పడమటి నుంచి గాలి వస్తుందనుకున్నాను, తూర్పు నుంచి వచ్చింది. కరపత్రాలన్నీ పక్షుల్లా వరుసకట్టి కర్ణాటకలోకి పోయాయి. ఆయనకు ఒక్క ఓటూ లేని ఊళ్లలో ఆయన మొహం ఇంటింటికీ చేరింది. ఓడిపోయాక కూడా ఎక్కడ కనిపించినా "ఏమప్పా, ఆ రాష్ట్రంలో నిలబడమంటావా?" అని అడిగేవాడు.

మా చీఫ్ పైలట్ కన్నడాయన. నోరు మహా కరకు. ఎక్కే ప్రతి మనిషినీ రెండు ప్రశ్నలు అడిగి తీరాలని ఆయన పట్టు: నీ బరువెంత, నీ సంచీలో ఏముంది? మొదటిదానికి తగ్గించి చెబుతారు, రెండోదానికి దాచిపెట్టి చెబుతారు, అయినా అడగమనేవాడు. బరువు సంగతి నాకు తొందరగానే ఒంటబట్టింది. మర్యాద చూడకుండా కాటా మీద నిలబెట్టేవాణ్ని. సంచీ సంగతి ఒంటబట్టడానికి నారపరెడ్డి రావలసి వచ్చింది.

అద్దె విమానంతో దూర ప్రయాణం

ఆయన కథకు ముందు ఒక మాట. చిన్న విమానం అద్దెకు తీసుకుని రోజుల తరబడి దూరం పోవడమంటే గంటసేపు చక్కర్లు కొట్టి దిగడం కాదు. అద్దె విమానం అద్దె ఇల్లు లాంటిది. ఎక్కడ కారుతుందో కాపురం పెట్టాకే తెలుస్తుంది. అందుకని బయల్దేరే ముందు రోజు దాన్ని మీరే నడిపి చూడండి, పాత పైలట్ మాట నమ్మొద్దు. రాత్రి గాలికి కొట్టుకుపోకుండా కట్టే తాళ్లూ మేకులూ మీవే తీసుకెళ్లండి. అన్నిటికన్నా ముందు, దిగే చోట ఇంధనం ఉందో లేదో చూసుకోండి. మా విమానం తాగే పెట్రోలు వేరు, అది బంకుల్లో దొరకదు. దొరకని చోటికి పోవాలంటే మనకంటే ముందు డ్రమ్ము పోవాలి.

నారపరెడ్డికి ఆ బాధ లేదు. ఆయనకు బోర్లు వేసే లారీలుండేవి. మా జిల్లాలో నీళ్లు పడక, ఆ లారీలు దేశమంతా తిరుగుతూ పరాయి నేలల్లో నీళ్లు తీసేవి. ఏ ఊరు చెప్పినా అక్కడికి ఆయన లారీ ఒకటి మా డ్రమ్ములతో ముందే చేరేది. అంత సుఖంగా నేనెన్నడూ దూర ప్రయాణం చేయలేదు.

పిలుపులు

అది తొంభైల చివర, మే నెల. నారపరెడ్డి కొడుకు పెళ్లి. ముహూర్తం తొందరగా కుదిరింది, చుట్టాలేమో లారీల మాదిరే దేశమంతా చెల్లాచెదరుగా ఉన్నారు. ఫోన్లో చెబితే, కార్డు పంపితే మా వైపు అది పిలుపు కిందికి రాదు. భార్యాభర్తలు గడప తొక్కి, కుంకుమ బొట్టు పెట్టి రమ్మనాలి. పెట్టకపోతే రారు, రాకపోగా మనవలకు కూడా చెప్పుకుంటారు. కార్లో తిరిగితే అందరి ఇళ్లూ అయ్యేసరికి ముహూర్తం దాటిపోతుంది. అందుకని ఆయన విమానం అద్దెకు తీసుకున్నాడు. బొట్టు పెట్టి పిలవడానికి విమానం కట్టించుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఎక్కింది ఆయన, భార్య సుభద్రమ్మ. ఆయన నా పక్కన, ఆమె వెనక. ఆమె ఒళ్లో ఎప్పుడూ వెండి కుంకుమభరిణె ఉండేది. నాలుగో సీటులో పసుపు గుడ్డలో కట్టిన గుండ్రటి మూట ఒకటి పెట్టి, దానికి బెల్టు కూడా బిగించారు. టెంకాయ అనుకున్నాను. బస్సులోనైనా లారీలోనైనా ముందర టెంకాయ లేకుండా మా వైపు బండి కదలదు. దేవుడి వస్తువును ఏమని అడుగుతాం? నేను అడగలేదు.

బళ్లారి, హైదరాబాదు, నాగపూర్. దిగిన ప్రతిచోటా జీపు, భోజనం, బొట్టు, చీర, మళ్లీ జీపు. వెనక సామాను గదిలో చీరలు పేరుకుపోతుంటే నేను రోజూ పోట్లాడి కొన్ని లారీకి ఎక్కించేవాణ్ని. సుభద్రమ్మ నవ్వి, "మా పెండ్లిలో ఆడబిడ్డలు కూడా ఇంత సతాయించలేదు కెప్టెనూ" అనేది.

నాగపూర్‌లో సాయంత్రం విమానాన్ని తాళ్లతో కడుతుంటే నారపరెడ్డి వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. అప్పటిదాకా నవ్వులాటగా ఉన్న మనిషి.

"రేపు పోయేది మా అక్క తావికప్పా. ఓబులమ్మ. మా యమ్మ సచ్చిపోతే నన్ను సాకింది ఆమే. అంగడి పెట్టుకోని, చెనిక్కాయలు తూకం ఏసి అమ్మి నన్ను సదివిచ్చినాది."

"మంచిదే కదన్నా."

"యాడ మంచిది? మా బావ పోయిన ఏడే నా కూతురు పెండ్లి వచ్చె. పిలవను పోయినోళ్లు ఇంట్లో అందురికీ బొట్టు పెట్టినారు. ఆమెకు మాత్రం వాకిట్లో నిలబడి నోటితో చెప్పొచ్చినారు. మొగుడు పోయినామెకు బొట్టు పెట్టకూడదంట. పెద్దోళ్లు చెప్పినారని మేమూ ఊ అంటిమి. ఆమె ఏమీ అనలేదప్పా. పెండ్లికి రాలేదు. కొడుకు రాయపూర్ పక్క కాలవ పనులు చేపిస్తాంటే ఆడికే పోయింది. మళ్లా మా ఊరి మొగం చూడలేదు."

"పోయినోళ్లు ఎవరన్నా?"

ఆయన దూరంగా జీపులో కూర్చున్న సుభద్రమ్మ వైపు చూశాడు. "ఈసారి కూడా అక్క రాకపోతే ఆ పందిట్లో నేను నిలబడలేనప్పా" అన్నాడు. రేపు ఎలాగైనా చేరుస్తాను అని మాటిచ్చాను. పైలట్ అలాంటి మాట ఇవ్వకూడదు. మా చీఫ్ వింటే చెవి మెలేసేవాడు.

నాగపూర్ దాటాక

మరుసటి రోజు పొద్దెక్కాక బయల్దేరాం. దిగవలసింది ఒక ఫ్యాక్టరీ వాళ్ల పాత రన్‌వే మీద. డ్రమ్ముతో లారీ అక్కడికి ముందే చేరింది. తూర్పుగా పోతే కొంతసేపటికి ఎడమవైపు నుంచి రైలు పట్టాలు వచ్చి మన దారిలో కలవాలి. వాటిని పట్టుకుని పోతే రన్‌వే. కష్టమైన దారేమీ కాదు. దారి చూపే రేడియో పెట్టె మా విమానంలో మరమ్మతుకు పోయి, దాని చోట బొక్క మిగిలింది. అప్పట్లో మాకది పెద్ద విషయం కాదు. పటం, గడియారం, దిక్సూచి ఉంటే చాలు.

దిక్సూచి సంగతి కొత్తవాళ్ల కోసం చెబుతాను. అది ముందు అద్దానికి బిగించి ఉంటుంది, విమానం కదిలినప్పుడల్లా ఊగుతుంటుంది. అందుకని జైరో అనే నిలకడైన గడియారం లాంటి పరికరం చూసి నడుపుతాం. ఆ జైరో మెల్లమెల్లగా దారి తప్పుతుంది కాబట్టి కొంతసేపటికోసారి దిక్సూచిని చూసి దాన్ని సరిదిద్దుతాం. పద్ధతి అది. నేను పద్ధతి తప్పని మనిషిని.

ఎత్తు అందుకున్నాక నారపరెడ్డి వెనక్కి తిరిగి, "సుబద్రా, దాన్ని ఇట్లియ్యి. ఈ పొద్దన్నా ముందర కూచోనీ" అన్నాడు. పసుపు మూట చేతులు మారి డాష్‌బోర్డు మీదికి వచ్చింది, సరిగ్గా దిక్సూచి కింద. పక్కన రెండు కనకాంబరాలు కూడా పెట్టాడు. నేను దండం పెట్టుకుని నా పని చూసుకున్నాను.

మే నెల కదా, గాలంతా దుమ్ము. సూర్యుడు నడినెత్తికి వచ్చాడు, దిక్కు చెప్పడానికి వాడూ పనికిరాడు. పట్టాలు రావలసిన సమయం వచ్చింది. పట్టాలు రాలేదు. దిక్సూచి చూసి జైరో సరిదిద్దాను. కొంతసేపయ్యాక మళ్లీ సరిదిద్దాను. కింద చూస్తే పొలాలు తగ్గి అడవి చిక్కబడింది. నా పటంలో ఈ దారిలో అంత అడవి లేదు.

ఇంధనం చూశాను. నాగపూర్‌కు తిరిగిపోయేంత ఉంది. ఇంకాస్త ముందుకు పోతే అదీ ఉండదు. "అన్నా, దారి తప్పినాం. ఎనక్కి పోతాండాం" అన్నాను.

"ఎనక్కి పోతే మళ్లా ఎప్పుడప్పా? పెట్రోలంతా ముందరుండాది గదా!"

"ముందరుండేది మనకు కనపల్లేదు గదన్నా. ఇద్దుర్ని ప్రాణాలతో దించేది నా పని."

వెనక సుభద్రమ్మ ఏడుస్తోందని ఇంజను చప్పుడులోనూ తెలిసింది. నేను విమానాన్ని తిప్పాను.

ఆ తిప్పడమే మమ్మల్ని కాపాడింది. తిరుగుతుంటే జైరో తిరిగినంతా దిక్సూచి తిరగలేదు. సగంలో ఎవరో కొంగు పట్టి లాగినట్టు ఆగిపోయింది. రెండూ ఇంత తేడాగా చెప్పడం నేనెన్నడూ చూడలేదు. దిక్సూచిని, దాని కింద ఉన్న మూటను ఒకేసారి చూశాను.

"అన్నా, ఆ టెంకాయ తియ్యి."

"టెంకాయ కాదప్పా అది."

"మరేమిటిది?"

చెప్పడానికి ఆయన సిగ్గుపడ్డాడు. సుభద్రమ్మే చెప్పింది. "శుభకార్యానికి మూడు మంది పోకూడదు గదా కెప్టెనూ. మేమిద్దరం, నువ్వు, మూడు మందైతిమి. నాలుగో మనిషి కింద ఒక రాయి పెట్టుకుంటారు గదా. ఏదో రాయి ఎందుకని, మా వదిన అంగట్లోది, రెండు కిలోల ఇనప తూకంరాయి తెచ్చినాం. ఆమే ఎంట ఉన్నెట్ల ఉంటాదని."

మా అమ్మ కూడా సంబంధం చూడబోతే ముగ్గురైనప్పుడు కొంగులో గులకరాయి వేసుకునేది. ఆ రాయి నాకూ తెలుసు. ఇనుమును దిక్సూచి కింద పెట్టుకున్న మనుషులు మాత్రం ప్రపంచం మొత్తానికి మేమే అయ్యుంటాం. నేను పద్ధతి ప్రకారం జైరోను సరిదిద్దిన ప్రతిసారీ, ఓబులమ్మ తూకం చెప్పిన దిక్కుకే దిద్దుకుంటూ పోయాను.

మూటను సామాను గదిలోకి, తోక వైపు వేయించాను. దిక్సూచి తల విదిలించుకుని తన చోటికి వచ్చింది. ఎంత తప్పిందో దాంతోనే లెక్క తెలిసింది. కుడివైపుకు, అడవిలోకి జారిపోయాం. అంటే పట్టాలు మాకు ఉత్తరాన ఉన్నాయి, నాగపూర్ కన్నా దగ్గర్లో. లెక్క ఒకసారి వేశాను, మళ్లీ వేశాను. ఇంధనం సరిపోతుంది. ఉత్తరానికి తిప్పాను. దుమ్ములోంచి మొదట ఒక గూడ్సు బండి పొగ, తర్వాత దాని కింద పట్టాలు కనబడ్డాయి. నారపరెడ్డి నా భుజం మీద కొట్టిన దెబ్బకు విమానం ఒక పక్కకు ఒరిగింది. జీవితంలో నేను చూసిన అందమైన దృశ్యం ఏదంటే లేపాక్షి నంది, హంపి గోపురం అంటానని చూస్తారు పిల్లలు. గూడ్సు బండి అంటాను.

ఓబులమ్మ

మామూలుగా నేను విమానం దగ్గరే ఉండిపోతాను. ఆ రోజు నారపరెడ్డి నా రెక్క పట్టి లాక్కుపోయాడు. కాలవ పనుల క్యాంపులో రేకుల ఇల్లు. వాకిట్లో మంచం మీద పొడుగాటి మనిషి, తెల్లజుట్టు, బోసి నుదురు. తమ్ముణ్ని చూసి లేవలేదు. "ఎండకు పడొచ్చినారే. లోపలికి రాండి" అంది, అంతే.

లోపల నారపరెడ్డి మూట తీసి ఆమె ముందు పెట్టి విప్పాడు. ఆమె తూకాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"ఇది నా అంగట్లోది గదరా."

ఆయన అంతా చెప్పాడు, మూడు మంది సంగతి, అడవి, పట్టాలు, అంతా. ఆమె నా వైపు చూసింది. "ఇది దావ తప్పిచ్చిందా నాయనా?" అంది. అవునమ్మా అన్నాను. ఆమె ఆ తూకాన్ని తమ్ముడి చేతిలో తిరిగి పెట్టింది.

"మనిషిని పిలవాల్సిన తావ ఇనుమును కూచోబెట్టుకుంటిరి. తప్పియ్యక ఏం చేస్తాదిరా?"

కోపంగా అనలేదు. అయినా ఆ అరవై ఏళ్ల మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సుభద్రమ్మ భరిణె తెరిచి కుంకుమలో వేలు ముంచింది. ఓబులమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. "నాకు పెట్టకూడదులేమ్మే. నోటితో చెప్పు, సాలు."

"పోయినతూరి నోటితోనే చెప్తి వదినా. వస్తివా?"

ఓబులమ్మ మొహం ఇటు తిప్పింది. సుభద్రమ్మ పెట్టిన బొట్టు కాస్త పక్కకు పడింది. ఇద్దరూ తుడవలేదు. నేను బయటికి వచ్చి లారీ డ్రైవరుతో పెట్రోలు గురించి మాట్లాడుతూ నిలబడ్డాను. ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు.

భోజనాల దగ్గర ఆమె పెళ్లికి వస్తానంది. మాతోనే విమానంలో. అప్పుడు సుభద్రమ్మ భరిణె తెచ్చి ఆమె ముందు పెట్టింది. "విడపనకల్లులో మా పుట్టినింటోళ్లను పిలిచేది మిగిలుండాది. ఇంటికి పెద్దదానివి నువ్వు. నువ్వే పెట్టి పిలవాల."

ఆ ముక్కకు ఓబులమ్మ ఉలిక్కిపడింది. "ఇంగ సాలు. మీ అమ్మోళ్ల గడప నేను తొక్కి బొట్టు పెడితే ఊరంతా ఏమంటాది? నా వల్ల కాదు" అని భరిణెను వెనక్కి నెట్టేసింది. సుభద్రమ్మ దాన్ని అక్కడే వదిలేసి లేచిపోయింది.

తిరుగు ప్రయాణం

నలుగురితో బయల్దేరాలంటే చల్లటి పొద్దున్నే లేవాలి, ఇంధనం తక్కువ పోసుకోవాలి, దారిలో ఎక్కువసార్లు దిగాలి. ఓబులమ్మను క్యాంపులో సిమెంటు తూచే కాటా మీద నిలబెట్టాను. నారపరెడ్డి అడ్డం రాబోతే ఆమె ఆయన్ని కసిరింది. "తూకమంటే నాకు చెప్పేదేముందిరా, సరిగ్గా తూయనీ." చీరలన్నీ లారీకి పంపేశాను. ఇనుప తూకం ఎక్కడ పెట్టాలని నారపరెడ్డి అడిగితే, "లారీలో రానీ. నాలుగో మనిషిని నేనుండా గదా" అంది ఆమె.

అందరూ ఎక్కారు. తలుపు వేయబోతూ ఆగాను. ఓబులమ్మ ఒళ్లో చిన్న గుడ్డ సంచీ ఉంది, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. ఆ రోజు నుంచి దేవుడిదైనా సరే, అడగకుండా ఒక్క సంచీనీ నేను ఎక్కించలేదు. పిల్లలూ, మీరూ అడగండి.

"సంచీలో ఏముందమ్మా?"

ఆమె ఒకసారి సుభద్రమ్మ వైపు చూసింది, తర్వాత నా వైపు. నుదుట నిన్నటి బొట్టు చెదిరిపోయి, దాని మీదనే పొద్దున తాజాగా దిద్దిన బొట్టు ఉంది.

"కుంకుమభరిణె నాయనా" అంది. "బయపడొద్దులే, ఇనుముది కాదు. వెండిది."